నీలం మీద గులాబీ వేస్తే ఊదా వస్తుంది

నీలం వెలిసి ఆకుపచ్చగా మారిన జుట్టు మీద నేరుగా గులాబీ రంగు వేయొచ్చా అని అడిగారు కదా. వేయకండి. నీలం మిగిలినచోట ఊదా వస్తుంది, ఆకుపచ్చ తిరిగినచోట బురద రంగు తేలుతుంది. ఊదాయే నచ్చితే మాత్రం సగం పని అయిపోయినట్టే!

పాత రంగు ఇంకా వెలిసిపోవడానికి ముందు రెండు వారాలు చుండ్రు షాంపూతో, గోరువెచ్చని నీళ్లతో తలస్నానం చేయండి. కండిషనర్ తప్పనిసరి. బ్లీచ్‌కి తొందరపడొద్దు. నీలం మొండిది, ఒక్కోసారి బ్లీచ్ చేశాక కూడా ఆకుపచ్చ మరక వదలదు. పైగా ఎప్పుడైనా ప్యాకెట్ హెన్నా పెట్టి ఉంటే జాగ్రత్త. కొన్నింట్లో లోహ లవణాలు కలుపుతారు, బ్లీచ్ తగిలితే వేడెక్కి జుట్టు తెగిపోతుంది.

కొత్త రంగును మెడ వెనక ఒక పాయకి వేసి చూడండి. అలర్జీ ఉందేమో 48 గంటల ముందే చెవి వెనక రాసి చూసుకోండి. పాత దిండు గలీబు వాడండి, నాది ఇప్పటికీ గులాబీ రంగే.