ఆటోమేటిక్ బండికి ఘాట్ రోడ్డు కనపడదు

బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి కరకంబాడి రోడ్డు షెడ్డు నుంచి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆటోమేటిక్ పికప్‌ల గురించే. మన శ్రీసిటీలో ఇసుజు వాళ్లు 2016 నుంచి పికప్‌లు తయారుచేస్తున్నారు. అయినా మన పక్క తోటల్లో ఆటోమేటిక్ పికప్ కనపడడం ఈమధ్యనే ఎక్కువైంది. బండి వచ్చింది కానీ దాని గుణం చెప్పేవాళ్లు లేరు. షోరూమ్‌లో తాళం చేతికిచ్చేటప్పుడు పాటలు ఎలా పెట్టుకోవాలో చూపిస్తారు, గేరు లివర్ గురించి ఒక్క ముక్క చెప్పరు.

ప్రశ్న: అయ్యా, మాది పీలేరు పక్కన పల్లె. టమోటా, మామిడి పెడతాము. నిరుడు డీజిల్ డబుల్ క్యాబ్ పికప్ తీసుకున్నాను, 6 గేర్ల ఆటోమేటిక్. తిరుపతిలో డ్రిప్ పైపులు, ఎరువు మూటలు వేసుకుని భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే గేరు నాలుగుకు పోతుంది, మూడుకు వస్తుంది, మళ్లీ నాలుగు. కాయ వేసుకుని దిగేటప్పుడు ఇంజిన్ పట్టు అసలు ఉండదు, కిందికొచ్చేసరికి బ్రేకుల వాసన. ఒక షాపులో యాక్సిలరేటర్ పెడల్‌కు చిన్న బాక్స్ తగిలిస్తే సరిపోతుందన్నారు. ఇంకొకాయన ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు తిరగరాయడం, చేస్తే గేర్లు చెప్పినట్టు వింటాయన్నాడు. ఏది చేయించమంటారు?

జవాబు: రెండూ వద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి గేర్‌బాక్స్‌కు జబ్బేమీ లేదు.

గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు తెలిసేవి కొన్నే. మీ కాలు పెడల్‌ను ఎంత తొక్కింది, బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ మీద ఎంత బరువు పడుతోంది, ఆయిల్ ఎంత వేడిగా ఉంది. ఇంత వేగం, ఇంత పెడల్ ఉంటే ఈ గేరు అని లోపల ఒక పట్టిక రాసి పెట్టి ఉంటుంది. ఎక్కుడులో నాలుగో గేరు బరువు లాగలేదు. మీరు ఇంకాస్త తొక్కుతారు, మూడుకు దిగుతుంది. వేగం వచ్చిందని కాలు తేలిక చేస్తారు. పట్టిక చూసుకుని నాలుగు వేస్తుంది. మళ్లీ చతికిలపడుతుంది. తర్వాతి మలుపు ఎంత వంపు ఉందో, దాని వెనుక ఇంకా ఎంత ఎక్కుడు ఉందో దానికి కనపడదు. అవి కనపడేది మీకే. ఘాట్ మొదట్లోనే ఆ సంగతి లివర్‌తో దానికి చెప్పాలి.

డి నుంచి లివర్‌ను పక్కకు లాగితే ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. మూడు పెట్టి వదిలేయండి. రొద ఎక్కువైందని భయపడొద్దు. ఇసుజు వీ-క్రాస్ 1.9 లీటర్ల ఇంజిన్‌కు పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 360 న్యూటన్ మీటర్లు, అది 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. టొయోటా హైలక్స్ ఆటోమేటిక్‌కు 500, అది 1600 నుంచి 2800 మధ్య. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు ఆ మధ్యలో ఉంటే ఇంజిన్ హాయిగా ఉన్నట్టు. 1400 దగ్గర పెట్టి గొణుగుతూ లాగించడమే దానికి బాధ.

ఒక చిన్న మెలిక. కొన్ని బళ్లలో ఆ పక్క గాడికి ఎస్ అని రాసి ఉంటుంది. అక్కడ మీటర్‌లో 4 కనపడితే బండి నాలుగో గేరులో ఉందని కాదు, నాలుగు దాటి పైకి పోదని అర్థం. లోపల మూడుకో రెండుకో తనంతట తాను దిగవచ్చు. ఇది తెలియక లివర్ పనిచేయడం లేదని షెడ్డుకు వచ్చినవాళ్లు ఉన్నారు. మీ బండి ఏ రకమో మాన్యువల్ పుస్తకంలో చూసుకోండి.

గేరు నిలకడగా ఉంటే ఇంకో మేలుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆయిల్ ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నిలకడగా పోతుంటే లోపల లాకప్ క్లచ్ పట్టుకుని రెండింటినీ కలిపేస్తుంది. గేరు అటూ ఇటూ మారుతుంటే ఆ పట్టు సడలి, కవ్వం కింద మజ్జిగలా ఆయిల్ చిలుకుడు పడుతుంది. ఆ చిలుకుడంతా వేడే. ఎండాకాలంలో లోడుతో ఘాట్ ఎక్కే బండికి గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కంటే పెద్ద శత్రువు లేదు.

ఇక దిగుడు. డి లో కాలు తీసేస్తే బండి ఏమనుకుంటుంది? పెడల్ లేదు, వేగం ఉంది, పై గేరు వేద్దాం అనుకుంటుంది. ఐదు, ఆరు పడిపోతుంది. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మీకు వచ్చే వాసన అదే. నేను ఆర్టీసీ గ్యారేజీలో ఉన్న రోజుల్లో ఘాట్ డ్రైవర్లు కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఎక్కిన గేరులోనే దిగమని. ఆటోమేటిక్ వచ్చినంత మాత్రాన ఆ మాట చెల్లకుండా పోలేదు. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది. దాని మీద 40 నిమిషాల లోపు కిందికి రాకూడదని నిబంధన పెట్టింది ఊరికే కాదు. అక్కడ మూడు, హెయిర్‌పిన్ మలుపుల దగ్గర రెండు వేసుకుంటే బ్రేకు పెడల్‌ను అప్పుడప్పుడు తాకితే చాలు. వేగం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు రెండు వేయబోతే బండి ఒప్పుకోదు, కొన్ని బీప్ అంటాయి కూడా. అది ఇంజిన్‌ను కాపాడుకోవడం. ముందు బ్రేకుతో తగ్గించి తర్వాత వేయండి. బ్రేకులు వాసన వస్తే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి చల్లారనివ్వండి. బాటిల్ తీసి నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్క్ వంకర పోతుంది.

పెడల్ బాక్స్ గురించి. మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజిన్‌కు అబద్ధం చెప్పే సామాను అది. బలం ఒక్క ముక్క పెరగదు. గేర్లు కాస్త ఆలస్యంగా పైకి మారతాయి, దాన్నే ‘పికప్ పెరిగింది’ అని అమ్ముతారు. మీ కాలు ఇంకాస్త తొక్కితే ఉచితంగా వచ్చేది అదే. రీమ్యాప్ అయితే ఇంకా పెద్ద వ్యవహారం. టార్క్ పెంచితే దాన్ని గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్లేట్లు మోయాలి, వారంటీ సంగతి మర్చిపోవాలి. ఆ డబ్బుతో గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించుకోండి. లోడు విషయంలో ఆర్‌సీలో రాసింది చూడండి, ట్రే ఖాళీగా కనపడిందని క్రేట్లు పేర్చుకుంటూ పోవద్దు.

ప్రశ్న: అంకుల్, చిత్తూరు నుంచి రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ పికప్ కొన్నాను. లుక్ కోసం టైర్లు 265/60 ఆర్18 తీసి 265/65 ఆర్18 వేయించాను. తర్వాత ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి, కంప్యూటర్ రీసెట్ చేసి ఇచ్చారు. అప్పటినుంచి రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: విప్పొద్దు నాయనా, ఇప్పుడే కాదు.

గేర్‌బాక్స్ లోపల గేరు మారాలంటే ఒక క్లచ్ ప్లేట్ల కట్ట పట్టుకోవాలి, ఇంకొకటి వదలాలి. పట్టించేది ఆయిల్ ప్రెషర్, ఆ ప్రెషర్‌ను అదుపు చేసేది సోలినాయిడ్ అనే కరెంటు వాల్వు. ఏ కట్టలోకి ఎంతసేపు ఆయిల్ నింపితే మెత్తగా పట్టుకుంటుందో కంప్యూటర్ ప్రతి మార్పుకూ కొలిచి సరిచేసుకుంటుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ లెక్కను మార్చుకుంటుంది. రీసెట్ అంటే ఆ నేర్చుకున్నదంతా తుడిచేయడం. ఇప్పుడది కొత్త ప్లేట్ల లెక్కతో అరిగిన ప్లేట్లను నడుపుతోంది. తన్నకుండా ఎలా ఉంటుంది?

మళ్లీ నేర్పించాలి. కంపెనీ స్కానర్‌తో నేర్పించే పద్ధతి ఉంటే మొదట అది చేయించు. లేకపోతే తెల్లవారుజామున హైవే ఖాళీగా ఉన్నప్పుడు బయల్దేరు. బండి బాగా వేడెక్కాక, పెడల్‌ను పావు వంతు దగ్గర కదలకుండా పట్టుకుని ఒకటి నుంచి పై గేరు దాకా పోనివ్వు. తర్వాత కాలు తీసేసి, బ్రేకు సుతారంగా వాడుతూ పూర్తిగా ఆగేదాకా రానివ్వు. కాసేపు ఆగి మళ్లీ అదే. మధ్యలో లారీని దాటాలని ఒక్కసారి అదిమి తొక్కావంటే ఆ పాఠం పనికిరాదు. దూకుడుగా తోలే తమ్ముడెవరైనా ఉంటే వాడికి స్టీరింగ్ ఇవ్వకు.

దానికంటే ముందు ఆయిల్ ఎంత పోశారో చూడాలి. నాకు అనుమానం అక్కడే. ఈ గేర్‌బాక్స్‌లలో చాలావాటికి ఆయిల్ మట్టం చూసే కర్ర ఉండదు. కింద చిన్న ప్లగ్ ఉంటుంది. బండిని సమంగా పైకి లేపి, ఇంజిన్ నడుస్తుండగా, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు ఆయిల్ వచ్చాక ఆ ప్లగ్ విప్పాలి. ఎక్కువ ఉన్నది కారిపోయి సన్నటి చుక్కలుగా మారితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. చల్లటి బండికి కొలిచినా, ‘తీసినంత పోశాం’ అన్నా మట్టం తప్పవచ్చు. ఏ గ్రేడు ఆయిల్ పోశారో బిల్లులో రాయించుకున్నావా? అన్ని బళ్లకూ సరిపోయేదని డబ్బా మీద రాసి ఉండే ఆయిల్‌ను నేను నమ్మను. ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేసి చూడు. ఎరుపో, లేత గోధుమ రంగో అయితే బాధ లేదు. నల్లగా ఉండి మాడు వాసన వస్తే, లేదా వెండి పొడిలా మెరిస్తే అప్పుడు విప్పుడు మాట ఆలోచిద్దాం. ఇంజిన్ రొద పెరిగి బండి కదలకపోతే అది నేర్పించడంతో పోయే రోగం కాదు, ప్లేట్లు జారుతున్నాయి. బండి తోలడం ఆపేయ్.

టైర్ల సంగతి. పాతవి 775 మిల్లీమీటర్ల ఎత్తు, కొత్తవి 802 దగ్గర. దాదాపు మూడున్నర శాతం తేడా. అంటే ప్రతి గేరూ అంత బరువెక్కింది, బండి నిజంగా పోయే వేగం కంప్యూటర్‌కు తక్కువగా తెలుస్తోంది. తన్నుడికి కారణం అది కాదు కానీ, కదలిక మందగించిందని రేపు నువ్వే ఇంకో ఉత్తరం రాస్తావు. లుక్ బాగుందిలే.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాడు. 10 గేర్లట! వెనుక ట్రైలర్ కట్టినప్పుడు టో/హాల్ (బరువు లాగుడు) అనే బటన్ నొక్కాలా వద్దా అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? మిమ్మల్ని అడుగుతున్నాను. (తిరుపతి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: నొక్కమనండి మాస్టారూ. ఫోర్డ్, జనరల్ మోటార్స్ పోటీదారులై ఉండీ కలిసి తయారుచేసుకున్న గేర్‌బాక్స్ అది, 2017 మోడల్ ఎఫ్-150లో వచ్చింది. అన్ని గేర్లు ఎందుకంటే, ఇంజిన్‌ను ఎప్పుడూ తన బలం ఉన్నచోటే తిప్పడానికి. ఆ బటన్ నొక్కితే ఇందాక చెప్పిన పట్టిక మారిపోతుంది. పై గేర్లు తొందరపడి వేయదు, దిగుడులో బ్రేకు తాకగానే కింది గేరుకు దిగి ఇంజిన్‌తో పట్టుకుంటుంది. పీలేరు రైతు చేత్తో చేయాల్సిన పనిని అక్కడ బటన్ చేస్తుంది. ట్రైలర్ విప్పాక ఆ మోడ్ తీసేయమనండి, ఖాళీ బండితో ఊరికే ఇంజిన్ ఎక్కువ తిరిగి పెట్రోలు తాగుతుంది.

ప్రశ్న: మొగిలి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందని మా డ్రైవర్ అంటాడు. ఆటోమేటిక్‌లో కూడా వేయవచ్చా? (పలమనేరు)

జవాబు: ఏ బండిలోనూ వేయకూడదు. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి, ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ తనంతట తాను తిరగాలి, దానికి డీజిల్ కావాలి. మీ డ్రైవర్ మిగిల్చేది ఏమీ లేదు. పైగా బ్రేకు ప్యాడ్ల బిల్లు మీరే కడుతున్నారు. తాళం కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి.