ఐసు దిమ్మ మీద ఊకలా

ప్రశ్న: మాస్టారూ, ముసురు పట్టిందంటే మా పెరటి బావి గట్టంతా నాచే. ఎవరైనా జారిపడతారని గీకించేస్తుంటాను. ఉత్తర ధ్రువం దగ్గరి టండ్రాలో నాచు భూమిలోని కార్బన్‌ని కాపాడుతుందని మా అబ్బాయి చదివి వినిపించాడు. ఇంత చిన్న మొక్క అంత పని ఎలా చేస్తుందండీ?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, మీ గట్టు మీద కాలు పెట్టగానే జర్రున జారేది పాచి. గోడ వారన మఖమల్ గుడ్డలా పెరిగేదే అసలు నాచు మొక్క. భూతద్దంలో చూస్తే బుల్లి బుల్లి ఆకులు కనిపిస్తాయి. టండ్రాలో నేలంతా పరుచుకున్నవి దీని చుట్టాలే.

నా చిన్నప్పుడు నరసాపురం రేవులో చేపల కోసం ఐసు దిమ్మలు దించేవారు. పైన ఊక పోసి గోనెపట్టా కప్పితే మిట్టమధ్యాహ్నం కూడా దిమ్మ నిలిచేది. ఊక చెదిరిన చోట చూస్తుండగానే నీళ్లయ్యేది. టండ్రాలో ఆ దిమ్మ నేల కిందే ఉంది. ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే ఆ నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఆ ఉత్తరాది నేలల్లో 1,400 నుంచి 1,600 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా, అంటే గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. వేల ఏళ్ల కిందట చచ్చిన మొక్కలు చలికి పూర్తిగా కుళ్లకుండా అలాగే ఉండిపోయాయి. కరిగితే సూక్ష్మజీవులు వాటిని తినేసి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయి.

అక్కడ ఊక పని నాచుది. వేసవిలో పైపొర ఎండి, సందుల్లో గాలి నిండి, ఎండవేడిని కిందకి దిగనివ్వదు. చలికాలంలో నీటితో గడ్డకట్టిన నాచులోంచి మాత్రం నేలలోని వేడి సులువుగా బయటికి పోతుంది. ఎండకి అడ్డం, చలికి దారి! ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినా ఈ ఏర్పాటు నాకింకా అబ్బురమే.

పైగా నాచు చచ్చినా తొందరగా కుళ్లదు. అందులో నత్రజని తక్కువ, సూక్ష్మజీవులకు గిట్టని ఫినాల్ పదార్థాలు ఎక్కువ. అందుకే పొర మీద పొర పేరుకుంటుంది.

మన వరి రైతులకి తెలిసిన సంగతి ఇంకోటుంది. చేలో అజొల్లా అనే నీటి మొక్కని ఎందుకు వేస్తాం? దాని ఆకుల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని. ఆ కోవకే చెందిన నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు అక్కడ నాచు మీద కాపురముండి, ఎరువు వేసే దిక్కులేని ఆ నేలకి నత్రజని అందిస్తాయి. బురదనేలల్లోని స్ఫాగ్నం నాచులో అయితే, కింద నుంచి వచ్చే మీథేన్‌ని కొంత తినేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది.

నాకు దిగులంతా ఒకటే. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటుకి దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. చాలాచోట్ల పొదలు ఎత్తుగా పెరిగి, వాటి నీడ, రాలిన ఆకులు నాచుని అణచేస్తున్నాయి. ఊక పలచబడుతోందమ్మా.

మీరు నడిచే చోట పాచి గీకించండి. గోడ మీది మఖమల్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎండాకాలంలో అది చచ్చినట్టే ఉంటుంది. అప్పుడు చెంబెడు నీళ్లు చిలకరించి, మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. నీరు తెచ్చిపెట్టే వేరు లేదు కాబట్టి ఆకులే తాగుతాయి, కాసేపట్లో విచ్చుకుని పచ్చబడతాయి. టండ్రాలో ఎండిపోయిన నాచు మీద చినుకు పడ్డప్పుడు జరిగేదీ ఇదే.