గేరో ముఖం మీకెవరు చూపించారు?

మిత్రులకు నమస్కారం.

పదో శతాబ్దపు జర్మనీలో సాక్సను జాతి కౌంటుల మీద మీరు రాసి పంపిన నూట నలభై పుటల వ్రాతప్రతి అందింది. మొదటిసారి చదువుతూ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. అక్కడ మీరు సాక్సనుల తూర్పు సరిహద్దును ఏలిన కౌంట్ గేరో ముఖాన్ని వర్ణించారు. కనుబొమల తీరు, పెదవుల బిగువు, చూపులోని కాఠిన్యం అన్నీ చెప్పి, వాటి నుంచి ఆయన స్వభావాన్ని కూడా రాబట్టారు. గెర్న్‌రోడె చర్చిలోని సమాధి శిల్పం ఫొటో చూసి రాశానని కింద మీరే చెప్పుకున్నారు. గేరో చనిపోయింది 965 మే 20న. ఆ శిల్పం 16వ శతాబ్దపు తొలినాళ్లది. ఆయన్ను కళ్లారా చూసినవారి మునిమనుమలు కూడా మట్టిలో కలిసిపోయిన కొన్ని శతాబ్దాలకు, ఎవరో శిల్పి ఊహించుకొని చెక్కిన ముఖం అది. దాన్ని మీరు పదో శతాబ్దపు మనిషికి తగిలించారు. ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టినది ఆ పేరాయే.

మీ వాక్యం బాగా నడుస్తుంది. ఆ సంగతి మీకూ తెలుసు కనుక అసలు విషయానికి వస్తాను.

మీరు ‘గౌ’ అనే జర్మన్ మాటను మొదటి పుట నుంచి చివరి పుట దాకా ‘జిల్లా’ అని తెనిగించి, కౌంటును ‘జిల్లా పాలకుడు’ అన్నారు. పుస్తకంలోని తప్పులలో సగం ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే. జిల్లా అన్నప్పుడు పాఠకుడి మనసులో ఒక గీత గీసిన పటం, ఒక ముఖ్యపట్టణం, ఒక అధికారి మెదులుతారు. గౌ అటువంటిది కాదు. మనకు పలనాడు, వెలనాడు, వేంగినాడు అన్న పేర్లున్నాయి. రాజులు మారినా, రాజ్యాలు కూలినా, జనం నోట ఆ నేలల పేర్లు నిలిచాయి. గౌ అంటే అటువంటి నాడు. నోర్ట్‌ట్యూరింగ్‌గౌ అన్న పేరునే చూడండి. బోడె, ఓరె, ఎల్బె నదుల నడుమ, మాగ్డెబుర్గ్ పట్టణమున్న ఆ నేలకు ‘ఉత్తర తురింగుల నాడు’ అని పేరు. తురింగుల రాజ్యాన్ని ఫ్రాంకులు 531లో కూలగొట్టారు. ఆ తరువాత నాలుగు వందల ఏళ్లకు సాక్సనులు ఏలుతున్న కాలంలో కూడా దానికి పాత జాతి పేరే ఉంది. దక్షిణాన ఉన్న ష్వాబెన్‌గౌ సంగతీ అంతే. 568లో లాంబార్డులతో కలిసి కొందరు సాక్సనులు ఇటలీకి వెళ్లిపోగా, ఖాళీ అయిన నేలలో ఫ్రాంకు రాజులు స్వాబులను స్థిరపరిచారని పాత చరిత్రకారులు చెబుతారు. ఆ నేలకు కౌంటులు రాకముందటి జాతుల పేర్లివి.

మరి కౌంటు ఎవరు? లాటిన్‌లో ‘కోమెస్’ అంటే వెంట ఉండేవాడు, రాజుకు తోడు నడిచేవాడు. ఫ్రాంకు రాజు షార్లమేన్ 772లో మొదలుపెట్టిన సాక్సను యుద్ధాలు ఇంకా నడుస్తుండగానే, 782లో లిప్పె నది పుట్టే చోట సభ జరిపి, సాక్సను కులీనులలోంచే కౌంటులను నియమించాడు. ఆ కాలపు శాసనాల్లో ఒక నిబంధన ఉంది: కౌంటును చంపినవాడి ఆస్తి, చంపమని సలహా ఇచ్చినవాడి ఆస్తి కూడా రాజు పరమవుతుంది. కౌంటు రాజు మనిషి అనీ, సాక్సను నేల తనను ఓడించిన రాజు మనిషిని ఎంత ద్వేషించిందనీ ఈ ఒక్క నిబంధన చెప్పకనే చెబుతుంది. దీన్ని మీరు ఎక్కడా వాడుకోలేదు.

ఇప్పుడు నేను నలభై ఏళ్లుగా అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్న మాట వినండి. రాజుల దానపత్రాలలో భూమి ఎక్కడుందో చెప్పేటప్పుడు రెండు మాటలు విడివిడిగా వస్తాయి: ‘ఇన్ పాగో’ ఫలానా, ‘ఇన్ కోమితాతు’ ఫలానా. అంటే ఫలానా నాడులో, ఫలానా కౌంటు అధికారం కింద. రెండూ ఒకటే అయితే రాయసగాడు రెండుసార్లు ఎందుకు రాస్తాడు? గేరో పేరు నోర్ట్‌ట్యూరింగ్‌గౌలోనూ కనిపిస్తుంది, ష్వాబెన్‌గౌలోనూ కనిపిస్తుంది. ఒకే నాడులో ఒకరికంటే ఎక్కువమంది కౌంటుల అధికారాలు పక్కపక్కన ఉండేవి. నాడుకొక కౌంటు అన్న చక్కని పటాన్ని 19వ శతాబ్దపు జర్మన్ పండితులు గీశారు; తరువాతి తరాల పండితులకు ఆ పటంతో వాదించడానికే కాలం సరిపోయింది. మీరు ఆ పాత పటాన్నే రంగులద్ది తెచ్చారు.

వంశవృక్షం సంగతి ఇంకా బాధాకరం. ఆ రోజుల్లో వారికి ఇంటిపేర్లు లేవు. గేరో అన్న సీగ్‌ఫ్రీడ్ 937లో పోయాడు. గేరో కొడుకు పేరూ సీగ్‌ఫ్రీడే. వాల్‌బెక్ కౌంటు, చరిత్రకారుడైన తీట్‌మార్ తండ్రి, ఆయనా సీగ్‌ఫ్రీడే. వీరిలో ఇద్దరిని కలిపి మీరు ఒకే మనిషిని చేశారు. ఎందుకంటే మధ్యలో ఖాళీ ఉంటే పట్టిక అందంగా కనిపించదు. ఆ ఖాళీని ఖాళీగానే అచ్చు వేయించండి. దానపత్రంలో ఒక పేరు ఒక్కసారి మెరిసి మళ్లీ కనిపించకపోతే, ఆ ఒక్కసారి మెరిసినంతవరకే మనకు హక్కు.

ఇది నేను తేలికగా నేర్చుకున్నది కాదు. నా తొలి వ్యాసం మాగ్డెబుర్గ్ మీద. గ్రంథాలయంలో నకలు తీసుకోనివ్వకపోతే, దానపత్రాల సంపుటాన్ని పెన్సిలుతో ఎత్తి రాసుకుంటూ ఒక వేసవి అంతా గడిపాను. జర్మన్ నాకు నిఘంటువు నేర్పిందే. ఆ వ్యాసం పంపితే ఒక సంపాదకుడు, కత్తియుద్ధం లేని చరిత్రను తెలుగువాడు చదవడని చెప్పి, నాకు తెలియకుండా గుర్రాల డెక్కల చప్పుడుతో మొదలయ్యే పేరా ఒకటి తనే రాసి, నా పేరు మీద అచ్చు వేశాడు. ఆ పేరా గురించి పాఠకుడొకరు రాసిన ఉత్తరానికి నేను ఇప్పటికీ జవాబు ఇవ్వలేదు. ఈనాడు ఆ డెక్కల చప్పుడు ఒక ఫ్యాషన్ అయిపోయింది. మీ ప్రతి అధ్యాయమూ దానితోనే మొదలవుతోంది.

కథ కావాలంటే టాంక్‌మార్ కథ ఉంది. మీరు దాన్ని మూడు వాక్యాల్లో తేల్చేశారు. సీగ్‌ఫ్రీడ్ చనిపోగానే అతని పదవి తనకు వస్తుందని రాజు హెన్రీ పెద్దకొడుకు టాంక్‌మార్ ఆశించాడు. తల్లి వైపు నుంచి సీగ్‌ఫ్రీడ్ అతనికి బంధువు. సవతి తమ్ముడు, రాజు అయిన ఓట్టో ఆ పదవిని గేరోకు ఇచ్చాడు. కడుపు మండిన టాంక్‌మార్ తిరగబడి, 938లో ఎరెస్‌బుర్గ్ కోటలో చిక్కుకుపోయి, చర్చిలోకి పరుగెత్తి, ఆయుధాలనూ మెడలోని బంగారు కంటెనూ బలిపీఠం మీద పెట్టాడు. మైన్షియా అనే సైనికుడు వెనుక కిటికీలోంచి ఈటె విసిరి అతన్ని చంపి, ఆ బంగారాన్ని ఎత్తుకుపోయాడు. ఆ కాలపు సాక్సను చరిత్రకారుడు విడుకింట్ ఇదంతా రాశాడు. ఒక కౌంటు పదవి విలువ ఎంతో చెప్పడానికి ఆ కంటె చాలు, డెక్కల చప్పుడు అక్కర్లేదు.

నిజాయితీ ఎలా ఉంటుందో తీట్‌మార్ దగ్గర నేర్చుకోండి. 941 ఈస్టరు పండుగకు క్వెడ్లిన్‌బుర్గ్‌లో ఓట్టోను చంపాలని జరిగిన కుట్రలో తన తాత లోథార్ ఉన్నాడని ఆయనే రాశాడు. ప్రాయశ్చిత్తంగా తాత వాల్‌బెక్‌లో చర్చి కట్టించాడనీ రాశాడు. తన వంశపు కౌంటుల గురించి రాస్తున్న బిషప్పు, దాచగలిగి కూడా దాచలేదు.

ఏ ప్రచురణకర్తకు పంపాలని అడిగారు. మరికొన్ని ప్రశ్నలూ అడిగారు. వాటి సమయం ఇది కాదు.

నన్ను కదిలించినది ఒక్కచోటు. కొడుకు సీగ్‌ఫ్రీడ్ పోయాక గేరో రోముకు వెళ్లి, సెయింట్ పీటర్ బలిపీఠం ముందు తన ఆయుధాలను దించి వచ్చి, గెర్న్‌రోడెలో మఠం కట్టించి, విధవరాలైన కోడలు హాథుయ్‌ను దానికి అధిపతిని చేశాడని చెప్పి, ‘ఆ తరువాత ఆమె మామకంటే దాదాపు యాభై ఏళ్లు ఎక్కువ బతికింది’ అని మీరు రాశారు. అలంకారం లేదు, ఊహ లేదు. 965లో గేరో పోయాక అతని సరిహద్దు సీమ ముక్కలయింది; ఆమె మాత్రం 1014 దాకా ఆ మఠాన్ని నడిపింది. చర్చి ఇప్పటికీ నిలిచే ఉంది. ఆ వాక్యం దగ్గర పుట మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ముందు ఆ మూడో అధ్యాయాన్ని తిరగరాసి పంపండి. జిల్లా తీసేసి నాడు పెట్టండి, సీగ్‌ఫ్రీడులను విడదీయండి, గేరో ముఖం ఉన్న పేరాను కొట్టేయండి. వచ్చిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో.