కాలేజీ జట్టుకి ఆడినవాడు బాస్కెట్‌బాల్ కోచ్‌గా బతకగలడా?

రాయగడలో డిగ్రీ పూర్తయింది, మూడేళ్లు కాలేజీ జట్టుకి ఆడాను, నేషనల్స్ మొహం చూడలేదు, కోచింగ్‌లోకి దిగితే ఇల్లు గడుస్తుందా అని కదా మీరు అడిగింది. గడుస్తుంది. మొదట్లో మాత్రం ఒక్క కోచింగ్‌తోనే గడవదు.

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురం యూనివర్సిటీ జట్టుకి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి ముందుకు తెచ్చి ఆట నడిపించేవాడిగా ఆడేవాణ్ణి. ఫైనలియర్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కి డబ్బు సర్దేసరికి ఒక ఏడాది, మళ్లీ సరిగ్గా నడిచేసరికి ఇంకో ఏడాది. ఆట అక్కడితో సరి. దీన్ని సాగదీయను, ప్రతి ఊళ్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు.

తర్వాత ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు సాయంత్రాలు పిల్లల్ని ఆడించమన్నారు. నెలకి 3,000. మొదటి వారమంతా నేనే ఆడి చూపించాను. చెయ్యి మార్చి డ్రిబుల్ చేస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు, నాకూ బాగానే ఉంది. అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "సార్, లేఅప్‌కి ముందు ఏ కాలు వెయ్యాలి?" అంది. నోట మాట రాలేదు. రింగు దగ్గరికి పరుగెత్తి, ఎగిరి బంతి వెయ్యడమే లేఅప్, పదేళ్లుగా నేను వేసిందే! ఆ రాత్రి పెరట్లో బంతి పట్టుకుని మెల్లగా నడిచి చూసుకున్నాను. కుడి చేత్తో వేస్తే ముందు కుడి కాలు, తర్వాత ఎడమ, ఆ ఎడమ కాలి మీదే ఎగరాలి, కుడి మోకాలు పైకి లేవాలి. ఎడమ చేత్తో అయితే అంతా తిరగబడుతుంది. అమ్మ కిటికీలోంచి చూసి "ఈ వేళప్పుడు ఆ అడుగులేంట్రా, పూనకం వచ్చిందా?" అంది. మర్నాడు సుద్దముక్కతో కోర్టు మీద పాదాల గుర్తులు గీశాను. నా కోచింగ్ నిజంగా మొదలైంది ఆ రోజే.

కాబట్టి నేషనల్స్ ఆడలేదని బెంగ వద్దు. అమెరికాలో మయామీ హీట్ జట్టు కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా పోర్ట్‌లాండ్ యూనివర్సిటీకి పాయింట్ గార్డ్. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1995లో హీట్ జట్టు వీడియో విభాగంలో చేరి, 2008లో హెడ్ కోచ్ అయ్యి, 2012లో, 2013లో టైటిల్ గెలిపించాడు. ఇక 1891లో ఈ ఆటని కనిపెట్టిన నైస్మిత్ కాన్సస్ యూనివర్సిటీకి కోచ్‌గా 55 గెలిచి 60 ఓడాడు. మేం ఓడొచ్చినప్పుడు ఎవరైనా సణిగితే ఈ లెక్క గుర్తుచేసుకుంటాను.

కాగితాల సంగతి. స్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచర్‌గా కుదురుకోవాలంటే బి.పి.ఎడ్. (వ్యాయామ విద్య డిగ్రీ) చెయ్యండి, రెండేళ్లు. పటియాలాలోని క్రీడా శిక్షణ సంస్థ ఎన్.ఐ.ఎస్.లో కోచింగ్‌కి ఏడాది డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉన్నాయి. నేను అన్నం కోసం ముందు బి.పి.ఎడ్. చేశాను, పని నేర్చుకోడానికి తర్వాత ఆరు వారాల కోర్సుకి వెళ్లాను. ఇప్పటికీ స్కూలు జీతం కంటే సాయంత్రం బ్యాచ్ ఫీజులే నయం. వేసవిలో బాగానే వస్తాయి, వానలు పట్టి కోర్టు తడిస్తే ఉత్త చేతులే.

మన వైపు భాషతో ఇంకో తమాషా. పక్కనే ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు తెలుగు, ఊళ్లోవాళ్లలో సగం ఒడియా, కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలది వాళ్ల భాష. ఒడియాలో పిలా అంటే పిల్లాడు. ఒకసారి "ఏ పిలా, ఇటు రా" అని అరిస్తే పాతపట్నం కుర్రాడు "నేను పిల్లనా సార్" అని అలిగి కూర్చున్నాడు. ఇప్పుడు అందరినీ జెర్సీ నంబర్లతోనే పిలుస్తున్నాను.

అన్నట్టు, ఎక్కడ చేరినా మొదటి రోజే టేపు పట్టుకెళ్లండి. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉండాలి. నేను చేరిన రెండో స్కూల్లో కోర్టు మీద రెండుసార్లు సిమెంటు పోశారు గానీ స్తంభాలు ఎత్తించలేదు. మా పిల్లలు ఆర్నెల్లు దానికే అలవాటు పడ్డారు. బరంపురంలో టోర్నమెంట్‌కి వెళ్తే వేసిన ప్రతి బంతీ రింగు ముందంచుకి తగిలి కింద పడింది. టెన్షన్‌లో నేను వాళ్లని నానా మాటలూ అన్నాను. తిరిగొచ్చాక అనుమానం వచ్చి కొలిస్తే పది సెంటీమీటర్లు తక్కువ. మర్నాడు అందరినీ రింగు కింద కూర్చోబెట్టి, టేపు చూపించి, సారీ చెప్పాను.