ఎనిమిది నిమిషాల చిత్రం, మూడేళ్ల ప్రేక్షకుడు

ప్రశ్న: మా బాబుకు మూడేళ్ల నాలుగు నెలలు. పిల్లల చిత్రమే కదా, పైగా ఎనిమిది నిమిషాలే కదా అని మొన్న పిక్సార్ వారి 'బావో' చూపించాను. ఆవిరి మీద ఉడికిన పిండిబొమ్మకు ప్రాణం వస్తే చప్పట్లు కొట్టినవాడు, తల్లి దానిని గుటుక్కున మింగేసేసరికి వెక్కివెక్కి ఏడ్చాడు. చివర అందరూ నవ్వుతున్నా ఊరడిల్లలేదు. అప్పటినుంచి ఇష్టంగా తినే కుడుములు ముట్టడం లేదు, ముద్ద నోటి దగ్గర పెడితే "దీనికి నొప్పి పుడుతుందా?" అంటున్నాడు. ఆస్కార్ వచ్చిన చిత్రం పిల్లలకు తగదా? ముందే ఎలా తెలుసుకోవాలి?
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఆస్కార్ చిత్రకళకు ఇచ్చే బహుమతి, ప్రేక్షకుడి వయసు దాని పరిధిలోకి రాదు. డోమీ షీ తీసిన 'బావో' 2018లో 'ఇన్‌క్రెడిబుల్స్ 2'కు ముందు థియేటర్లలో ప్రదర్శితమై, మరుసటి ఏడాది ఉత్తమ యానిమేటెడ్ లఘుచిత్రంగా ఆ బహుమతి అందుకుంది. ఎదిగిన కొడుకు ఇల్లు విడిచి వెళ్తుంటే, టొరంటోలో స్థిరపడిన ఒక చైనా తల్లి పడే వేదన దాని కథ. పిండిబొమ్మ ఆ కొడుకేననీ, అసలు కొడుకు గదిలోకి వచ్చేదాకా జరిగిందంతా ఆమె మనసులోనిదేననీ మనం గ్రహిస్తాం. మీ బాబు చూసింది వేరు: అమ్మ బిడ్డను తినేసింది, తర్వాత ఎవరో పెద్దమనిషి వచ్చాడు, బొమ్మ మాత్రం తిరిగి రాలేదు. వాడి లెక్కలో ఆ కథ సుఖాంతం కాదు.

చిత్రంలో భయమే ఉండకూడదని నేను అనను. అదే సంస్థ 2016లో విడుదల చేసిన 'పైపర్'లో, సముద్రపు ఒడ్డున మేత వెతుక్కుంటున్న పిట్టపిల్లను అల ముంచేస్తుంది. అది తడిసి ముద్దై, గూటిలోకి దూరి బయటికి రానంటుంది. కానీ గుల్లలో కాపురముండే పీత ఇసుకలోకి దిగబడి అలను తప్పించుకోవడం చూసి తానూ అలాగే చేస్తుంది, నీటి అడుగున కళ్లు తెరుస్తుంది, మేత దొరుకుతుంది. భయపెట్టిన అలే, అదే ఒడ్డున, కంటికి కనిపించే ఒక పనితో లొంగింది. అందువల్ల చిత్రం ఎంపిక చేసేటప్పుడు భయం ఉందా అని చూడడంకంటే, అది తీరడం పిల్లవాడికి కళ్లారా కనిపిస్తుందా, లేక ప్రతీకలూ కలలూ తెలిసినవారికే అర్థమవుతుందా అని చూడడం మేలు.

మీరు ముందుగా ఒంటరిగా రెండుసార్లు చూడండి, రెండోసారి కళ్లు మూసుకుని వినండి. బొమ్మ కంటే చప్పుడుకే జడుసుకునే పిల్లలు చాలామంది. ఇక ధ్రువపత్రాల సంగతి: మన సెన్సార్ బోర్డు ఇచ్చే యు/ఎ వర్గంలో అతి చిన్న మెట్టు 7 ఏళ్లది, యు అంటే అందరూ చూడవచ్చని మాత్రమే, మూడేళ్ల వాడికీ ఆరేళ్ల వాడికీ తేడా చెప్పే గుర్తు ఏదీ లేదు. ఆ తేడా ఇంట్లోనే చూసుకోవాలి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు తెర ముందు రోజుకు గంట మించరాదని, అదీ పెద్దల సమక్షంలోనే అని భారత బాలల వైద్యుల అకాడమీ సూచిస్తోంది.

పక్కన కూర్చోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఏడుచేపల కథలోనూ చీమ కుడుతుంది. కానీ చెప్పే అమ్మమ్మ మనవడి ముఖం చూసి అక్కడ గొంతు తగ్గిస్తుంది. తెరకు ఆ చూపు లేదు కనుక, వాడి పెదవి వంకర తిరగగానే ఆపే చేయి మీదే కావాలి.

కుడుముల విషయంలో తొందరపడి బలవంతపెట్టవద్దు, "అదంతా అబద్ధం" అని కొట్టిపారేయవద్దు. బియ్యప్పిండి ఉక్కించి, చిన్న ముద్ద వాడి చేతికే ఇవ్వండి. పూర్ణం వాడినే పెట్టనివ్వండి, అంచులు నొక్కనివ్వండి, వద్దంటే తినిపించకండి. కళ్లూ నోరూ లేని ఉత్త పిండి అని వాడి వేళ్లకు తెలియాలి. తిండి పూర్తిగా తగ్గినా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం రెండు మూడు వారాలు దాటి సాగినా పిల్లల వైద్యుడికి చూపించండి.