జీతం క్లబ్బు ఇస్తుందా, మనమే ఇస్తున్నామా?

ప్రశ్న: మాది ఖమ్మం. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, బాస్కెట్‌బాల్‌లో జిల్లా జట్టుకు ఆడుతున్నాడు. 12 లక్షలు కడితే ఐరోపాలో ఏడాది శిక్షణ, ఆపైన అక్కడి క్లబ్బులో కాంట్రాక్టు అని ఒక కన్సల్టెన్సీ చెబితే 50 వేలు అడ్వాన్సు కట్టాను. నేను కాలేజీలో వాలీబాల్ ఆడేవాణ్ని, మా నాన్న మాన్పించారు. ఆ తప్పు నేను చేయకూడదు. ఐరోపానా, అమెరికా కాలేజీనా, ఇంటరేనా? మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక తర్వాత. అడ్వాన్సు కట్టేటప్పుడు మీ కళ్లముందున్నది అబ్బాయి బాస్కెట్‌బాలో, మీ వాలీబాలో నాకు అనుమానమే. ఉత్తరం మొత్తంలో వాడేమన్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? 12 లక్షలు కట్టనంత మాత్రాన మీరు మీ నాన్నగారిలా అయిపోరు. వాణ్ని రోజూ గ్రౌండుకు పంపుతున్నారు చూడండి, అక్కడే మీరు వేరయ్యారు.

ఇక ఆ ఐరోపా సంగతి. విదేశాల్లో ఆడేవాడికి కాంట్రాక్టు చాలావరకు ఒక్క సీజన్‌కే, అంటే ఎనిమిది తొమ్మిది నెలలకు. జీతం క్లబ్బే ఇస్తుంది. చాలాచోట్ల ఫ్లాటు, విమానం టికెట్లు కూడా. మోకాలు పోతే వచ్చే సీజన్‌కు పిలుపు రాకపోవచ్చు. జీతం ఎగ్గొట్టే క్లబ్బులూ ఉన్నాయి, అలాంటి తగాదాల కోసమే 2007లో ఫిబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) ప్రత్యేకంగా ఒక ట్రిబ్యునల్ పెట్టాల్సి వచ్చింది. పైగా చాలా లీగుల్లో విదేశీయులకు ఇన్ని చోట్లే అని లెక్కుంటుంది. వాటికి అమెరికా కాలేజీల్లో నాలుగేళ్లు ఆడినవాళ్లు ముందే వరుసలో ఉంటారు.

బయటికెళ్లిన మనవాళ్లనే చూడండి. 2017లో ఆస్ట్రేలియా క్లబ్బు సిడ్నీ కింగ్స్‌లో చేరిన అమృత్‌పాల్ సింగ్ 6 అడుగుల 11 అంగుళాల మనిషి. అప్పటికి 26 ఏళ్లు, భారత జట్టుకు ఆడుతున్నాడు, జపాన్‌లోనూ ఆడొచ్చాడు. 7 అడుగుల 2 అంగుళాల సత్నాం సింగ్ 14 ఏళ్లకే స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 2015లో డల్లాస్ మావరిక్స్ తీసుకుంది, అయినా ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు.

మీవాణ్ని పొడుగని రింగు కింద నిలబెడుతున్నారా? జిల్లా జట్లలో అదే చేస్తారు. బయట 6 అడుగుల 1 అంగుళం అంటే పాయింట్ గార్డు. బంతి చేతిలో ఉంచుకుని ఆట నడపాలి, దూరం నుంచి షాట్ వేయాలి. రెండేళ్లు రింగు కింద రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చే బంతులు) పట్టినవాడికి ఇవి కొత్తగా నేర్చుకోవాల్సిన పనులు. ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తూ కోర్టు దాటగలడేమో ఈ ఆదివారం వెళ్లి చూడండి.

ఇలాగే ఆరున్నర లక్షలు కట్టి పది రోజుల ‘ట్రయల్స్’కు వెళ్లొచ్చిన కుర్రాడొకడు నాకు ఫోన్‌లో వీడియో చూపించాడు. ఎదుటి జట్టు నిండా తనలా డబ్బు కట్టి వచ్చిన పిల్లలే. గ్యాలరీలో ఒకే ఒక్క మనిషి, వాళ్లను తీసుకెళ్లిన ఏజెంటు. ఆ కుర్రాడు ఇంటర్ రెండో ఏడాది మళ్లీ చదివాడు. వాళ్లమ్మ గాజులు మాత్రం ఇంటికి రాలేదు.

అమెరికా కాలేజీ దారి నిజమైనదే, కష్టమైనదీ. స్కాలర్‌షిప్‌కు ఆటతో పాటు మార్కులూ చూస్తారు, కాబట్టి ఇంటర్ వదిలేస్తే ఆ తలుపు కూడా మూసుకున్నట్టే. చూశారుగా, మీ మూడు దారుల్లో ఒకటి బేరం, మిగతా రెండూ ఇప్పటికి ఒకటే. పోలికకు ఇంకేం మిగల్లేదు.

టెన్షన్ పడకండి. పదహారేళ్లకు ఏదీ చేయిదాటిపోదు. ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ క్లబ్బుకు ఆడిన భారత మహిళా జట్టు మాజీ కెప్టెన్ గీతు అన్నా జోస్ దక్షిణ రైల్వే ఉద్యోగి. మన దగ్గర ఈ ఆటను ఇన్నాళ్లు నిలబెట్టింది రైల్వేలు, సర్వీసెస్ (సైన్యం), బ్యాంకుల జట్లే. మీవాడు ముందు రాష్ట్ర జట్టుకు ఎంపిక కావాలి. స్టడీ అవర్ పేరుతో సాయంత్రాలు మింగేసే కాలేజీ అయితే, మార్చాల్సింది కాలేజీనే.

50 వేలు వెనక్కివ్వమని రేపే ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే మళ్లీ మాటల్లో పెట్టి ఇంకో 50 కట్టించుకుంటారు.