దేవుడు చెప్పలేదా, అమ్మ వద్దందా?

ప్రశ్న: నాకు ముప్పై ఏళ్లు. విజయవాడలో స్టాఫ్ నర్సుని. నాన్న పోయి ఆరేళ్లైంది. అమ్మ, బీటెక్ మూడో ఏడు చదివే తమ్ముడు నా జీతం మీదే ఉన్నారు. ఇంటర్ రోజుల నుంచీ కాబోయే భర్త కోసం ప్రార్థిస్తున్నాను. ఎలాంటివాడు కావాలో డైరీలో పద్నాలుగు అంశాలు రాసుకున్నాను. మూడు సంబంధాలు వచ్చి పోయాయి. ప్రతిసారీ అమ్మ అబ్బాయి ఫొటో పట్టుకెళ్లి ప్రవచనం చెప్పే ఒక అమ్మగారికి చూపిస్తుంది. ఆవిడ "దర్శనంలో చీకటి కనబడింది" అంటుంది. తమ్ముడి చదువు అయ్యేదాకా దేవుడే ఆపుతున్నాడేమో అంటుంది అమ్మ. ఇప్పుడు ఖమ్మం సంబంధం వచ్చింది. అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్, నాకు నచ్చాడు. మళ్లీ అదే చీకటి మాట. 21 రోజుల ఉపవాసంలో ఉన్నాను. దేవుణ్ణి ఏ సూచన అడిగితే స్పష్టంగా తెలుస్తుంది?

జవాబు: ఏ సూచనా అడగొద్దు. బైబిల్లో న్యాయాధిపతి గిద్యోను అడిగాడు కదా అంటారేమో. తాను చేయబోయేది దేవుడు అతనికి అప్పటికే చెప్పాడు. నమ్మకం చాలక గొర్రెబొచ్చు నేలమీద పరిచాడు. బొచ్చు తడిసి నేల పొడిగా ఉన్నా మనసు కుదుటపడలేదు, మర్నాడు దాన్నే తిరగేసి అడిగాడు. మీకూ అదే జరుగుతుంది. ఒక సూచన దొరికితే దానికి సాక్ష్యంగా ఇంకోటి కావాలనిపిస్తుంది.

మీ ఉత్తరంలో అసలు సంగతి తమ్ముడి చదువు గురించి మీ అమ్మగారు అన్న మాటలోనే ఉంది. మీరు వెళ్లిపోతే అద్దె ఎవరు కడతారు, ఫీజు ఎవరు కడతారు, రాత్రి బీపీ పెరిగితే ఎవరిని లేపాలి? మీ అమ్మగారికి కనబడుతున్న చీకటి ఇదే. ఆవిడ చెడ్డ తల్లి కాదు, భయపడిన తల్లి. కూతురితో "నన్ను వదిలి వెళ్లకు" అనడానికి నోరు రాక, ఆ మాట దేవుడి చేత చెప్పిస్తోంది. మీరు కూడా ఆ భయం గురించి అమ్మని అడగకుండా దేవుణ్ణి అడుగుతున్నారు.

ఆదికాండము 24వ అధ్యాయం మళ్లీ చదవండి. యజమాని కొడుక్కి పిల్లను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడి ప్రార్థన అందరికీ నోటికొచ్చు: నాకూ నా ఒంటెలకూ నీళ్లు పోస్తాననే పిల్లే ఆ పిల్ల కావాలని. అతను అడిగినదాంట్లో మాయ లేదు. పది ఒంటెలకు నీళ్లు తోడటమంటే వందల లీటర్లు, బావిలోకి దిగి ఎక్కి చేసే చాకిరీ. అంటే అతను పరీక్షించింది ఆ పిల్ల స్వభావాన్ని. ఆమె నీళ్లు పోస్తుండగా కూడా తొందరపడక ఊరకే చూస్తూ ఉన్నాడు. తరువాత ఎవరి పిల్లవని విచారించాడు, ఇంటివాళ్లతో మాట్లాడాడు. మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడని వచనం 55వది. ఇంకో పది రోజులు పిల్లను ఉండనివ్వమన్నది ఎవరు? ఆమె తల్లి, ఆమె సహోదరుడు. మీ ఇంట్లో ఉన్నదీ ఆ ఇద్దరే. దాసుడు ఆగనన్నాడు. అప్పుడు రిబ్కాను పిలిచి అడిగారు, వెళ్తానని ఆమే చెప్పింది. ఆ జవాబు ఆమె తరఫున ఇంకెవరూ చెప్పలేదు.

తల్లిని చూసుకోవడం మీ బాధ్యతే, పెళ్లయ్యాక కూడా. సొంతవాళ్లను చూసుకోమన్న 1 తిమోతి 5:8 ఆడపిల్లలకు మినహాయింపు ఇవ్వలేదు. కానీ పెళ్లి మానుకోవడం అందులో భాగం కాదు.

డ్యూటీ లేని రోజు అమ్మతో, తమ్ముడితో కాగితం పెట్టుకుని కూర్చోండి. అద్దె, కిరాణా, అమ్మ మందులు, తమ్ముడికి మిగిలిన ఫీజు విడివిడిగా రాయండి. పెళ్లయ్యాక నెలకు మీరెంత పంపగలరో అంకె వేసి చెప్పండి, "చూసుకుంటాలే" అనొద్దు. ఆఖరి ఏడాది ఫీజుకు తమ్ముడు తన పేరున విద్యా రుణం తీసుకోవచ్చు, 4 లక్షల దాకా బ్యాంకులు తాకట్టు అడగవు. ఆ నెల డబ్బు సంగతి ఖమ్మం అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. పెళ్లయ్యాక తెలిస్తే మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు అతను ముఖం చిట్లిస్తే అంతకన్నా పెద్ద సూచన మీకు అక్కర్లేదు.

ప్రవచనాలను నిర్లక్ష్యం చేయొద్దన్న అపొస్తలుడు పౌలే ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. "చీకటి" అన్న మాటను ఎలా పరీక్షిస్తారు? అతనికి అప్పుందా, తాగుతాడా, ఇంకెక్కడైనా మాట ఇచ్చాడా అన్నవైతే విచారించి తేల్చుకోవచ్చు. పైగా ఆ ప్రవచనం చెప్పే ఆవిడ దగ్గరకు ఫొటోతో పాటు మీ అమ్మగారి దిగులు కూడా వెళ్తోంది.

ఉపవాసం ఈ రోజే ఆపండి. నైట్ డ్యూటీలో ఖాళీ కడుపుతో ఇంజెక్షన్ డోసు లెక్కేసే నర్సు వల్ల రోగికి ప్రమాదం. డైరీలో పద్నాలుగింటిలో మూడు ఉంచండి: ప్రభువునందున్నవాడు, కోపంలోనూ నోరు అదుపులో ఉండేవాడు, మీ ఉద్యోగాన్నీ మీ అమ్మనీ గౌరవించేవాడు. ఎత్తు, రంగు, అమెరికా కొట్టేయండి. రాత్రి పది నిమిషాలు, అమ్మ పక్కన కూర్చుని, ఆ అబ్బాయి పేరు పెట్టి ప్రార్థించండి. అమ్మ భయం గురించి కూడా ఆవిడ వింటుండగానే ప్రార్థించండి.

విచారణకు వారం చాలు. వాళ్ల సంఘం పాస్టరు గారిని "మంచివాడేనా" అని అడగొద్దు, అందరూ మంచివాడనే అంటారు. ఎన్నేళ్లుగా వస్తున్నాడు, తల్లిదండ్రులు ఊళ్లో లేని ఆదివారం వస్తాడా, సంఘంలో ఏం పని చేస్తాడు అని అడగండి. అతను పనిచేసే ల్యాబులో, అద్దెకున్న ఇంట్లో మీ చిన్నాన్న లాంటి పెద్దవాళ్లు ఒకరు కనుక్కోవాలి. మీరిద్దరూ రెండుసార్లైనా మాట్లాడుకోండి, రక్తపరీక్షలు ఇద్దరూ చేయించుకోండి. కట్నం మాట వస్తే అక్కడితో ఆపేయండి. దానికి "కానుక" అని పేరు పెట్టినా 1961 వరకట్న నిషేధ చట్టం ఒప్పుకోదు.

సంబంధం కుదిరితే ఒక జాగ్రత్త. పెళ్లి జరిపే పాస్టరు గారికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఆ అధికారం ఉందో లేదో ముందే అడగండి. స్వతంత్ర సంఘాల్లో చాలామందికి లైసెన్సు ఉండదు. రేపు నర్సుగా విదేశానికి వెళ్లాల్సి వస్తే వివాహ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడతారు.